మోకాలి కింద అమ్మవారు

“మా ఇంట్లో కుక్క లేదు, పిల్లి లేదు, ఇంక పురుగెట్ల వస్తాది?”

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిన నెల ప్రొద్దుటూరులో మా వీధిలోనే, కొత్త అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే ఒక పిల్లోడు కాళ్ళనిండా దద్దుర్లు చూపించి ఇదే మాట అన్నాడు. పెద్ద చదువు చదివినోడు, కంప్యూటర్ ముందర కూర్చొని పని చేసుకునేవాడు. ఎవరో అమ్మేసిన పాత సోఫాను ఫోన్లో చూసి తెచ్చుకున్నాడంట. సోఫా మెత్తగా ఉందా లేదా అని చూసినాడే గానీ దాని మీద ఎవరి కుక్క పండుకుండేదో అడగలేదు. తిట్టబోయి ఆగిపోయినాను. ఎందుకంటే ఆ మాట మొదట అన్నది వాడు కాదు. శానా ఏండ్ల కిందట పులివెందులలో, ఖాకీ గుడ్డలేసుకొని, వీపుకు మందు డబ్బా తగిలించుకొని, ఒక ఆడమనిషి ముందర నిలబడి నేనే అన్నాను.

ముందు పురుగు సంగతి చెప్పాల. మన పక్క దీనికి గట్టిగా ఒక పేరు లేదు. కుక్కపురుగంటారు, కొందరు పిడుదంటారు. పిడుదు వేరే. అది పట్టుకుంటే వదలదు, రక్తం తాగి ఉబ్బి ఆడనే ఉంటుంది. నేను చెప్పేది నువ్వుగింజ కన్నా చిన్నది. రెక్కలుండవు. రెండు పక్కలా నొక్కినట్టు పలచగా ఉంటుంది, వేలు పెట్టేలోపల దూకేస్తుంది. ఆఫీసు కాగితాల్లో ఫ్లీ అని రాసేవాళ్ళు. నేను దూకుడు పురుగంటాను.

నేను ఐదో తరగతితో బడి మానేసినోన్ని. దోమల మందు కొట్టే పనిలో చేరి, ఆ పనివాళ్ళ మీద మేస్త్రీనయి, మేస్త్రీగానే రిటైరై ఖాకీ విడిచినాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊర్ల మధ్యనే బదిలీలన్నీ. ఇల్లిల్లూ తిరగడం, జ్వరాలు అడగడం, నీళ్ళతొట్లలోకి తొంగిచూడటం, వచ్చినట్టు గోడ మీద తేదీ రాసి సంతకం పెట్టడం. పని ఇంతే.

పులివెందులలో ఒక టీచరమ్మ బదిలీ మీద వచ్చి, ఎండాకాలమంతా మూసిపెట్టిన ఇంట్లో బాడుగకు దిగింది. దిగిన రెండో దినం నుంచి ఆమెకూ, ఇద్దరు పిల్లలకూ కాళ్ళ మీద దద్దుర్లు. ఆఫీసుకొచ్చి చెప్పింది. నేను పోయి మంచాలు తిరగేసినాను, నల్లి కనపడలేదు. పరుపులు దులిపినాను, ఏమీ రాల్లేదు. కుక్క ఉందామ్మా అని అడిగినాను. లేదంది. కుక్క లేనింట్లో కుక్కపురుగు యాడిదమ్మా, కొత్త ఊరు, కొత్త నీళ్ళు, ఒంటికి పడ్డంలేదు మీకు, అని తీర్పు చెప్పి వచ్చేసినాను. ఇల్లు బాడుగకిచ్చినాయన ఇంకో అడుగు ముందుకేసి, ఆమెకు మనసు కుదురు లేదని వీధంతా చెప్పినాడు. నేను పక్కనే ఉండి తల ఊపినాను. ఆ తల ఊపడం ఇప్పటికీ నాకు అసహ్యం. నెల తిరక్కుండానే ఆమె సామాన్లు ఎత్తుకొని పోయింది. అంతకు ముందు ఆ ఇంట్లో ఉన్నోళ్ళకు రెండు కుక్కలుండేవని, వాటిని పడకగదిలోనే పండబెట్టుకునేవాళ్ళని, ఆ తర్వాత పాలుపోసే మనిషి చెప్పింది. ముందే చెప్పకపోయినావే అంటే, “నువ్వు అడగల్యా గదప్పా” అనింది. నిజమే. ఇప్పుడు కుక్క ఉందా అని అడిగినాను గానీ, అంతకు ముందు ఉండేదా అని అడగలేదు.

అప్పటినుంచి చదవడం పట్టుకున్నాను. మందు డబ్బాల మీది అక్షరాలతో ఇంగ్లీషు మొదలుపెట్టినాను. ఆఫీసులో చెదలు పట్టి బయట పారేసిన పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను. ప్రొద్దుటూరులో పాతపుస్తకాల వాని దగ్గర అట్టలేని నిఘంటువు దొరికింది. దాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. ఒక పేజీకి ఒక వారం పట్టేది. చదివేకొద్దీ సిగ్గయింది. ఈ పురుగు గుడ్డు జంతువు మీద నిలవదంట, రాలిపోతుందంట. రాలిన గుడ్డు సందుల్లో, దుమ్ములో, చీకట్లో పెరిగి, పట్టుపురుగు మాదిరే గూడు కట్టుకుంటుంది. గూట్లో తిండి లేకుండా నెలలు పండుకుంటుంది. పైన అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం తగిలిందా, బయటికి దూకి కాళ్ళకు తగులుకుంటుంది. అంటే మూసిన ఇంట్లో అవి ఆ టీచరమ్మ కోసమే కాచుకొని ఉన్నట్టు. ఇంకో సంగతి. కుక్కా పిల్లీ మాత్రమే కాదు, ఎలుక, పందికొక్కు, ముంగిస, ఇవన్నీ దీనికి వాహనాలే. ఆఖరికి వీధికుక్క పండుకున్న చోట కూర్చొని లేస్తే మన ప్యాంటు అంచు కూడా వాహనమే.

ఇంత తెలుసుకొని ఏం లాభం? చెప్తే వినేవాడు లేడు. ఐదో తరగతి మనిషి మాట ఏ రిజిస్టర్లో ఎక్కుతుంది?

రాష్ట్రం రెండయిన తర్వాత, నా సర్వీసు ఇంకో ఏడాది ఉందనంగా, జమ్మలమడుగులో ఉన్నాను. నా పైన సూపర్‌వైజరు వయసులో నా కొడుకంత. డిగ్రీ చదివినోడు. మంచోడే గానీ, కాగితంలో లేనిది లోకంలో లేదనుకునే రకం. నాతో తిరిగేది ఒక నర్సమ్మ, వీధి వీధీ టీకాలు వేసేది. వాళ్ళ తాతలనాడే ఏసుప్రభువును నమ్ముకున్న కుటుంబం. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

నేతగాళ్ళ వీధిలో సర్వేకు పోయిన దినం ఒక వాకిట్లో వేపమండలు కట్టి ఉన్నాయి. నర్సమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. అమ్మవారు పోసిందంట అన్నా, లోపలికి రానియ్యరు, పదమంది. అది గుంతమగ్గం ఇల్లు. గుంతమగ్గమంటే తెలియని పిల్లోళ్ళకు ఒక మాట. నేలలో నడుములోతు గుంత ఉంటుంది. నేసేవాడు గట్టు మీద కూర్చొని, కాళ్ళు గుంతలోకి వదిలి, కింద తొక్కుడు కర్రలు తొక్కుతాడు. ఆ వీధిలో నడిస్తే ఇంటింటా ఆ చప్పుడే. ఈ ఇంట్లో మాత్రం చప్పుడు లేదు.

నేతగాడు అరుగు మీద తల పట్టుకొని కూర్చున్నాడు. ముందు పెండ్లానికి పోసిందంట, వారానికి తనకూ పోసిందంట. ఆమె గోకి గోకి పుండ్లయి జ్వరం తగిలింది. వాళ్ళమ్మ పెద్దామె పట్టుబట్టి అన్నీ ఆపేసింది. ఊడవకూడదు, కడగకూడదు, తిరగమాత వెయ్యకూడదు, మగ్గం తొక్కకూడదు. రెండు వారాలైంది. మగ్గం మీద సగం నేసిన పెండ్లిచీర ఉంది. పులివెందులలో ఎవరిదో పెండ్లి, తొమ్మిది దినాలే ఉంది. ఆ మగ్గం, దాని మీద నిలువుపోగులుగా పరిచిన పట్టుపడుగు ప్రొద్దుటూరు సావుకారువి. అమ్మవారు పోసిన ఇంట్లో నేసిన చీర పెండ్లోళ్ళు ముట్టరని ఆయన చెవిన పడింది. రేపు పొద్దున ఆటో తెస్తాను, పడుగు కోసుకొని మగ్గం ఎత్తుకుపోతాను అని కబురు పంపినాడు.

“మగ్గం పోతే ఏం చేస్తావప్పా?” అని అడిగినాను.

“ఏముంది మామా, బెంగుళూరుకు పోయి యాడన్నా గేటు కాడ నిలబడతా.” నా మొగం చూడకుండానే చెప్పినాడు. “మా నాయన కూర్చున్న గుంత ఇది. అంతే.”

మాట్లాడతా మాట్లాడతా పంచె ఎగ్గట్టి కాలు గోక్కున్నాడు. నేను చూసినాను. దద్దుర్లు పాదాల నుంచి మోకాలి దాకా వచ్చి, గీత గీసినట్టు ఆగిపోయినాయి. పైన ఒక్కటంటే ఒక్కటి లేదు. నాకు పులివెందుల టీచరమ్మ పిల్లల కాళ్ళు గుర్తుకొచ్చినాయి.

నర్సమ్మను లోపలికి పంపించినాను. ఆడమనిషి గాబట్టి పెద్దామె ఊరుకుంది. చూసి వచ్చి, ఆమెకూ మోకాలి కిందనే అన్నా, అని మెల్లగా చెప్పింది. ఇద్దరూ మగ్గమెక్కేవాళ్ళే, పొద్దున మొగుడు, మధ్యాహ్నం పెండ్లాం. మంచం మీద కూర్చొని నూలు కండెలు చుట్టే పెద్దామె కాళ్ళు తెల్లగా, నున్నగా ఉన్నాయి.

వాకిట్లో చెప్పులు విడిచి, వేపమండకు దండం పెట్టి, అప్పుడు మాట్లాడినాను. అమ్మవారిని నేను కాదనలేదు. ఆ పెద్దామె ముందర కాదంటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

“అవ్వా, నువ్వు ఎన్నిండ్లలో అమ్మవారిని చూసింటావు. మొగం విడిచి, వీపు విడిచి, మోకాలి కింద మాత్రమే పోసిన అమ్మవారిని యాడన్నా చూసినావా?”

పెద్దామె కొడుకు కాళ్ళ దిక్కు చూసింది. “చూళ్ళేదు నాయనా” అనింది.

“ఈ మధ్య ఇంట్లో ఏమన్నా చెడ్డవాసన వచ్చిందా?”

కొడుకూ తల్లీ మొగాలు చూసుకున్నారు. వచ్చిందంట. పందికొక్కు ఒకటి పట్టునూలు కొరికేస్తాందని విషం కలిపిన ఉండలు పెట్టినారంట. అది కనపడకుండా పోయింది గానీ నాలుగు దినాలు కంపు కొట్టింది. సాంబ్రాణి వేసినారంట. బొక్క యాడుందంటే, మగ్గం గుంతలో ఒక మూలన చూపించినాడు.

నాకు మొత్తం అర్థమైపోయింది. పందికొక్కు బొక్కలోనే చచ్చింది. చల్లబడిన ఒంటి మీద ఈ పురుగు ఉండదు, దిగి వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటుంది. మగ్గం ఆపేదాకా గుంతలోకి రోజూ నాలుగు కాళ్ళు దిగుతా ఉండినాయి. కింద దుమ్ము, నూలుపీచు, చీకటి, గుడ్లు పెట్టుకోవడానికి అంతకన్నా సుఖమైన చోటు లేదు. పైగా అమ్మవారని ఊడవడం మానేసినారు. చిత్రం చూడండి, దద్దుర్లు చూసి చీపురు మూలన పెట్టినారు. చీపురు మూలన పడేకొద్దీ దద్దుర్లు ఎక్కువైనాయి.

పురుగును చంపే పొడి మందు ఇప్పించమని సూపర్‌వైజరుకు ఫోను చేస్తే వచ్చినాడు. అరుగు ఎక్కలేదు.

“మామా, కుక్కుందా? లేదు. పిల్లి? లేదు. ఇంక ఫ్లీ యాడినుంచి వస్తాది? నేను చికెన్‌పాక్స్ అని రాసుకున్నా. ఆ పొడి మందు ఈ పనికని రాసి ఇయ్యాలంటే నాకు పురుగు కనపడాల. పురుగు చూపీ, మందు తీసుకో.”

నేనే పులివెందులలో మాట్లాడినట్టుంది. కోపం ఆయన మీద వచ్చిందో, నా మీద నాకే వచ్చిందో చెప్పలేను. గుంతలో దిగినాను. నా ఖాకీ ప్యాంటు మీద ఏం కనపడుతుంది? చురుక్కు చురుక్కున కుట్టినాయి. చెయ్యి వేస్తే మాయం. అరగంట కష్టపడి వట్టి చేతులతో పైకొచ్చినాను. సూపర్‌వైజరు గడియారం చూసుకొని పోయినాడు. పోతా పోతా, “మామకు రిటైర్మెంటు దగ్గరకొచ్చింది గదా, ఊహలు ఎక్కువైనాయి” అని నర్సమ్మతో అన్నాడంట. ఆమె ఊరుకునే మనిషి కాదు. “మీకు ఇప్పుడే తక్కువైనాయి సార్” అనిందంట.

మరుసటి దినం పొద్దున్నే పోయినాను. రమ్మని బతిమాలి సూపర్‌వైజరును కూడా తెచ్చుకున్నాను. మేము పోయేసరికి ఆటో వాకిట్లో ఉంది. సావుకారు మల్లెపూవు మాదిరి తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకొని దిగినాడు. వెంట కత్తెర పట్టుకున్న మనిషి. వీధంతా తలుపుల్లో నిలబడి చూస్తాంది. నేతగాడి పెండ్లాం జ్వరంతోనే లేచి వచ్చి స్తంభానికి ఆనుకుంది. ఎవరూ ఏడవలేదు. ఏడ్చింటే నాకు ఇంత గుర్తుండేది కాదు.

ఆ సావుకారు సంగతి ఒకటి నాకు నేతగాడు చెప్పి ఉన్నాడు. ఆయనా నేతగాడి కొడుకే. ఏ మగ్గం కాడికి పోయినా గట్టు మీద కూర్చొని రెండు పోగులు నేసి చూడనిదే లేవడంట. ఆ అలవాటు మీద ఆశ పెట్టుకొని వచ్చినాను.

“సావుకారూ, కోసే ముందు ఒకసారి కూర్చొని నేత ఎట్లుందో చూసుకోండి. అందరూ మీ చెయ్యి గొప్పదంటారు.”

ఆయన నన్ను ఎగాదిగా చూసినాడు. “నువ్వెవరప్పా?”

“దోమల మందు కొట్టేవాన్ని.”

“ఈడ దోమలకు పనేముంది?” అన్నాడు. గడప దగ్గర వేపమండ చూసి జంకినాడు. మంచం మీది నుంచి పెద్దామె అందుకుంది.

“నీకు మగ్గం నేర్పించింది మా ఇంటాయనే గదరా. కూర్చోను భయమా?”

అంతే. సావుకారు మొగం ఎర్రగా అయింది. తిన్నగా వచ్చి గట్టు మీద కూర్చొని, కాళ్ళు గుంతలోకి వదిలి, అడ్డపోగు తీసుకుపోయే నాడె విసిరినాడు. ఒకసారి, రెండుసార్లు. తొక్కుడు కర్రలు లేచి పడినాయి. రెండు వారాల తర్వాత ఆ ఇంట్లో మగ్గం చప్పుడు. మూడోసారి నాడె విసరబోయి ఆయన చెయ్యి ఆగిపోయింది. మోకాళ్ళ దగ్గర తెల్లపంచె వైపు చూస్తాండాడు.

“ఏందప్పా ఇవి,” అన్నాడు మెల్లగా, “నువ్వులు దూకుతాండాయి?”

నా ఖాకీ మీద దాక్కున్నవన్నీ ఆ తెలుపు మీద బయటపడినాయి. ఒకటి కాదు, పది కాదు, పంచె అంచునుంచి పైకి ఎగబాకుతాండాయి. సావుకారూ కదలొద్దు అని చెప్పి, సబ్బు రాసుకున్న తడి వేలితో అద్ది, రెండింటిని గాజుసీసాలో నీళ్ళలో వేసినాను. ఈసారి వేలు జారలేదు. సీసా తీసుకుపోయి సూపర్‌వైజరు చేతిలో పెట్టినాను. ఆయన వెలుగుకు పట్టి చూసినాడు. మళ్ళీ చూసినాడు. చూసి, జేబులోనుంచి పెన్ను తీసి, నిన్న రాసుకున్నది కొట్టేసినాడు. ఆయనలో మంచి అదే, కొట్టేయడానికి సిగ్గుపడలేదు.

పెద్దామె తానే లేచి వచ్చి వాకిట్లో వేపమండలు విప్పింది. సావుకారు పంచె దులుపుకుంటా, “తొమ్మిది దినాలు గాదు, ఎనిమిదే ఉండాది. నేసేదానికి ఐదు దినాలు గావాల. మిగిలిన మూడూ నీవి” అన్నాడు నాతో. ఆటో ఖాళీగా పోయింది. కత్తెర మనిషిని మాత్రం ఉంచుకున్నాము, మట్టి మోయను.

ఆ మూడు దినాలు నేను మేస్త్రీని కాదు, రాజును. నేతగాన్నీ, పెండ్లాన్నీ ముందు నర్సమ్మ ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు చూసి పురుగుకాట్లేనని చెప్పి, పుండ్లకూ జ్వరానికీ మందులిచ్చినాడు. చచ్చిన పందికొక్కు సంగతి కూడా ఆయన చెవిన వేసినాను. మా అవ్వ చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు ప్లేగు వచ్చి ఎలుకలు రాలితే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళని. మీరూ గుర్తు పెట్టుకోండి. ఎలుకలు వాటంతట అవే చచ్చి పడుతాంటే చేత్తో ముట్టొద్దు, ఆరోగ్యశాఖ వాళ్ళకు చెప్పండి.

పడుగు మీద ఉతికిన దుప్పట్లు కప్పినాము. బొక్కలో ముందు మందు పొడి వేసినాను, ఆ తర్వాతే పందికొక్కును తీసి లోతుగా పూడ్చి, బొక్కను గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూసినాను. ఈ వరస తప్పితే పనంతా చెడుతుంది. పురుగును విడిచి ఎలుకను ముందు చంపితే, ఆ పురుగును మన కాళ్ళ మీదికి మనమే పిలిచినట్టు. ఆ ఇంట్లో జరిగింది అదే. గుంతలో దుమ్మును తడిపి ఎత్తి దూరంగా పూడ్చినాము, గోడలకు సిమెంటు పూసినాము. ఇంట్లో పరిచినవి మన కడప బండలే. ఆ బండల సందుల్లో పేరుకున్న మట్టిని మేకుతో గీకి, వేడి సబ్బునీళ్ళతో కడిగి, సందులు మూసినాము. పక్కగుడ్డలన్నీ కాగే నీళ్ళలో ఉడకేసి ఎండకు పడేసినాము. మన ఎండ సంగతి మీకు తెలుసు, దానికి ఏ మందూ సాటి రాదు. పది దినాలకు మళ్ళీ ఇదే కడుగుడు కడగాల అని పెద్దామెతో ఒట్టు వేయించుకున్నాను. గూళ్ళలో పండుకున్నవి అప్పుడు లేస్తాయి గదా.

నాలుగో దినం పొద్దున మగ్గం చప్పుడు మొదలైంది. చీర టయానికి దిగింది. సావుకారు తానే పులివెందులకు తీసుకుపోయి ఇచ్చి వచ్చినాడు. ఇప్పటికీ ఆయన ఎవరికైనా కొత్తగా పడుగు ఇచ్చే ముందు తెల్లపంచెతో గుంతలో కాళ్ళు వదిలి కాసేపు కూర్చుంటాడంట. రెండు పోగుల కోసం కాదు, నువ్వుల కోసం.

సూపర్‌వైజరు ఒక పని చేసినాడు. సర్వే రిజిస్టర్లో కుక్క ఉందా, పిల్లి ఉందా అనే దాని కింద పెన్నుతో మూడు ప్రశ్నలు కలిపినాడు. ఎలుక బొక్క ఉందా? మీరు రాకముందు ఇల్లు మూసి ఉండిందా? పాత సామాను ఏమన్నా తెచ్చుకున్నారా? మూడూ నేను చెప్పినవే. రెండోది మాత్రం నాది కాదు, ఆ టీచరమ్మది. ఆమె యాడుందో నాకు తెలియదు. ఇది చదివితే, అమ్మా, మీ మనసు కుదురుగానే ఉండింది. కుదురు లేనిది నా చదువుకు.

సోఫా పిల్లోన్ని కూడా ఆ మూడు ప్రశ్నలే అడిగినాను. మూడోదాని దగ్గర నోరు తెరిచినాడు.

మొన్న జమ్మలమడుగులో పెండ్లికి పోయి, ఆ వీధిలోకి మళ్ళినాను. ఆ ఇంటి ముందర నిలబడితే మగ్గం చప్పుడు వినపడింది. కిటికీలోనుంచి నన్ను చూసి నేతగాడు నాడె ఆపినాడు. గుంతలోనుంచి రెండు కాళ్ళూ పైకి తీసి, పంచె మోకాలి పైకి ఎగ్గట్టి, చిన్నపిల్లోని మాదిరి చూపించినాడు.

“చూడు మామా. ఒక్కటన్నా ఉండాదా?”

లేదన్నాను. కాళ్ళు మళ్ళీ గుంతలోకి వదిలినాడు. వీధి చివరికి పోయేదాకా ఆ చప్పుడు వినుకుంటా నడిచినాను.